గాజు పలక మీద రంగు

జూన్ 18

మరదలా,

ఇది చదివాక ఎక్కడైనా దాచుకో, మీ అన్నయ్యకి మాత్రం చెప్పకు. ఫోన్ చేయొచ్చుగా అంటావు. లేత్ మిషన్ తిరుగుతుంటే పక్కన పిడుగు పడినా ఆయనకి వినపడదు గానీ, నేను నీతో ఫోన్లో మాట్లాడితే మిషన్ ఆపి మరీ వింటారు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

సంగతేమిటంటే, మన చెక్క రింగుల బొమ్మలకి పెద్ద ఆర్డరు వచ్చింది. ఉద్యోగాలకి వెళ్ళే తల్లులు పసిపిల్లల్ని వదిలి వెళ్ళే కేంద్రం ఒకటి ఇక్కడ కొత్తగా తెరిచారు. అక్కడి మేనేజరమ్మ మన బొమ్మలు చూసి ముచ్చటపడింది. కాకపోతే రంగుల్లో సీసం లాంటి విషాలేవీ లేవని ల్యాబ్ రిపోర్టు తెమ్మంది. న్యాయమే. ఆ వయసు పిల్లలు బొమ్మతో ఆడేది తక్కువ, నాకేది ఎక్కువ.

ల్యాబ్ తరఫున ఒకాయన వచ్చాడు. మడత నలగని చొక్కా, మాటకి ముందు నవ్వు. మాటకి ముందు నవ్వేవాళ్ళని నేను నమ్మనని నీకు తెలుసు. మీ ఆయన మొదటిసారి మనింటికి వచ్చినప్పుడు ఆయన్నీ నమ్మలేదు. ఈయనేమో బొమ్మల మీంచి గీకితే పరీక్షకి సరిపడా పొడి రాదనీ, అదే రంగు గాజు పలకల మీద పూసి ఇస్తే సులువనీ అన్నాడు. పూసి ఇచ్చాం. కొద్దిరోజులకే రిపోర్టు వచ్చింది. సీసం దొరకలేదు. దాని కింద ఇంకోటేదో, అదీ దొరకలేదు. కాగితం అడుగుదాకా అన్నీ దొరకలేదు, దొరకలేదు.

దొరకలేదంటే ఏమిటర్థం? అసలు వెతికారా? మా ఇంట్లో కత్తెర రోజూ దొరకదు. అంటే ఇంట్లో కత్తెర లేదనా? మీ అన్నయ్య మాత్రం ఆ కాగితానికి ఫ్రేము కట్టిస్తానని తిరుగుతున్నారు. నువ్వు ఇలాంటి రిపోర్టులు తయారు చేసే ఆఫీసులోనే కూర్చుంటావు కదా, అందుకని జెరాక్సు పెడుతున్నాను. ఇది అసలుదో, మా చెవిలో పువ్వు పెట్టారో చూసి చెప్పు.

ఇక్కడ ముసురు పట్టి వదలడం లేదు. రంగులు ఆరక రింగులు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. రంగులు వేసే పెద్దాయన్ని నువ్వు చూశావో లేదో, అందరం బాబాయి అంటాం. ఏం చేస్తావో నాకు తెలీదు, ఆర్డరు టైముకి సరుకు ఆరాలి అని ఆయన వెనక పడుతున్నాను. మనిషి మంచివాడే గానీ, అల్మరా మీద ఆయన డబ్బాల మధ్య పెట్టుకున్న నా టీ గ్లాసులో ఏదో ఒకరోజు బ్రష్షు ముంచుతాడని నా అనుమానం.

నీ పాప, మన చిట్టెలుక ఎలా ఉంది? మేం పంపిన రింగులు ఇంకా కొరుకుతోందా, అరిగిపోయాయా?

నీ వదిన


జూన్ 27

వదినా,

మీ కత్తెర మాట మా ఆఫీసులో గోడకి అంటించదగ్గది. మేం ఏళ్ళ తరబడి చెప్పలేక నీళ్ళు నమిలేదాన్ని మీరు ఒక్క ముక్కలో చెప్పేశారు. దొరకలేదంటే లేదని కాదు. మిషన్‌కి కనపడేంత లేదని. ఎంతకంటే తక్కువైతే దానికి కనపడదో పక్క గడిలోనే రాసి ఉంటుంది, చూడండి. మీ కాగితంలో అది చాలా చిన్న అంకె. కాబట్టి ఆ మాటకి భయపడక్కర్లేదు. రిపోర్టు దొంగది కాదు. ఆ నవ్వే మనిషిని ఈసారికి వదిలేయండి.

కానీ మూడో పేజీ ఎవరైనా చదివారా? మొదటి పేజీలో పాస్ అని కనపడగానే అందరూ ఫ్రేముల షాపుకి వెళ్ళిపోతారు. మూడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రెండు లైన్లున్నాయి. "శాంపిల్: గాజు పలకపై పూసిన రంగు." "ఈ ఫలితం మాకు అందిన శాంపిల్‌కి మాత్రమే వర్తిస్తుంది." అంటే వాళ్ళు పాస్ చేసింది గాజు పలకని వదినా. మీ బొమ్మని వాళ్ళు కంటితో కూడా చూడలేదు.

ఆ పలకలకి రంగు ఎవరు పూశారు? ఎవరి ఎదురుగా? బొమ్మలకి వేసేదీ అదేనా, అచ్చంగా అదేనా? నేను అడుగుతున్నది తప్పు పట్టడానికి కాదు. ఈ పనిలో కూర్చుంటే అలవాటైపోతుంది. ఒకరు కొత్త డబ్బా తెరిచి పలకకి పూస్తారు, బొమ్మకి మాత్రం పాత డబ్బా గీకి వేస్తారు. ఇంకొకరు శాంపిల్‌కి ఒక రంగు పంపి, సరుక్కి ఇంకొకటి వాడతారు. కాగితం మాత్రం అందరికీ ఒకేలా పాస్ అంటుంది. ఇది తేలేదాకా ఆర్డరు పంపకుండా ఆపగలరా?

అన్నయ్యకి ఇప్పుడే చెప్పకండి. ఆయనకి ముక్కు మీద కోపం. చిట్టెలుకకి మరో రెండు పళ్ళు వచ్చాయి. తలుపు గడియ నుంచి నా చెవి దాకా ఏదీ వదలడం లేదు.

మీ మరదలు


జూలై 5

మరదలా,

అనుమానం నా ఒక్కదాని సొత్తనుకున్నాను. నువ్వు నన్ను మించిపోయావు. నీ ఉత్తరం చదివి ముందు ఒళ్ళు మండింది. శాంపిల్‌కి ఒకటి, సరుక్కి ఒకటా? నీ అన్నయ్యనే అంటున్నావా ఆ మాట? చెక్క కాస్త చీలితే ఆ రింగు పొయ్యిలో పడేసే మనిషి ఆయన.

అయినా నువ్వు నా బుర్రలో అనుమానపు పురుగు వదిలావు, నాకు నిద్ర పట్టలేదు. ఆ పలకలకి బాబాయే రంగు పూశాడు, నా కళ్ళెదుటే. అవే డబ్బాలు. ఎర్రది, పచ్చది, పసుపుది అన్నీ నేనే మూతలు తీసి చూశాను. బొమ్మలకీ అవే వేస్తున్నాడు. అంటే మాలో ఎవరూ తప్పు చేయలేదు. ఇక మిగిలింది రంగుల షాపువాడు. ముందు మంచి డబ్బాలిచ్చి, రిపోర్టు వచ్చాక నాసిరకం అంటగట్టాడేమో. నిన్న వాడి షాపు ఎదురుగా గొడుగు వేసుకుని నిలబడి, ఏ డబ్బా ఎక్కణ్ణించి తీస్తున్నాడో కనిపెట్టి చూశాను. కాసేపటికి వాడే బయటికి వచ్చి, లోపల కూర్చుని చూడమ్మా, తడుస్తున్నావు అని కుర్చీ వేశాడు. అంత మర్యాద చేశాడంటే వాడి దగ్గర ఏదో ఉంది.

అసలు సంగతి ఇంకోటి. నీ ఉత్తరం నా పని బట్టల సంచిలో దాచాను. అది కాస్తా మీ అన్నయ్య చేతిలో పడింది. కొలతల టేపు కోసం చెయ్యి పెట్టానంటున్నారు, ఎంత నిజమో. నా చెల్లెలికి నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా అన్నారు, అంతే. రెండు రోజులుగా అన్నం కూడా వర్క్‌షాపులోనే తింటున్నారు. పైగా నిన్న సాయంత్రం వర్క్‌షాపు వెనక వసారాలో ఆయనా, ఆ రంగుల షాపువాడూ గుసగుసలాడుకుంటున్నారు. నేను వెళ్ళగానే ఇద్దరూ వాన గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో మీ అన్నయ్య వాన గురించి మాట్లాడగా నేను వినలేదు. ఆయన నా దగ్గర ఏదో దాస్తున్నారు. నాకు భయంగా ఉంది, నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

ఆర్డరు ఆపడం నా చేతిలో లేదు. శనివారం వెళ్ళిపోతుంది. పాస్ అని కాగితం చేతిలో పెట్టుకుని ఏమని ఆపను, మా మరదలికి అనుమానంగా ఉందనా?

ఇంకోమాట. చిట్టెలుక పళ్ళ గురించి రాశావు, చెవి గురించి రాశావు. రింగుల గురించి నేనడిగితే ఒక్క ముక్క రాయలేదు. అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబివ్వడం మీ ఆఫీసులో నేర్పారా?

నీ వదిన


జూలై 12

వదినా,

అన్నయ్య నా ఉత్తరం చదివారని తెలిశాక ఏం రాయాలన్నా చెయ్యి ఆడటం లేదు. ఇది కూడా చదువుతుంటే, అన్నయ్యా, నేను మిమ్మల్ని అనలేదు.

అనుమానంతో అందరం కొట్టుకు చచ్చేకంటే బొమ్మనే పరీక్ష చేయిద్దాం. మా ల్యాబ్‌లోనే. మా పెద్దసారుకి ఇది మా వాళ్ళ సరుకని ముందే చెప్పేస్తాను. అప్పుడు ఆ శాంపిల్ దగ్గరికి నన్ను రానివ్వరు, కాగితం నా టేబుల్ మీదికి రాదు. ఇక్కడ ఇంకో పద్ధతి ఉంది. ఎవరి పేరు మీద పరీక్షకి ఇస్తే ఫలితం వాళ్ళకే పంపుతారు, ఫెయిలైనా సరే. ఇంకెవరికీ చెప్పరు. కొన్నవాళ్ళకి చెప్పరు, వాడేవాళ్ళకి చెప్పరు. మేం ఇంట్లో నోరు విప్పినా ఉద్యోగం పోతుంది. ఎన్నో ఫెయిలైన బొమ్మల రిపోర్టులు నా చేతుల మీదుగానే వెళ్ళాయి వదినా. ఆ బొమ్మలు మళ్ళీ షాపుల్లో కనపడితే తల తిప్పుకుని నడిచి వచ్చేస్తాను.

అందుకని మీ పేరు రాయిస్తాను. అన్నయ్యది కాదు. బొమ్మ మాత్రం మీరు పంపొద్దు. పంపితే అన్నిట్లోకి అందమైనది ఏరి, తుడిచి మరీ పంపుతారు. అది నేను చూసుకుంటాను. సరే అంటే ఒక ముక్క రాయండి.

మీ మరదలు


జూలై 17

సరే.

నా పేరు రాయించు. నా పేరుకేం, నేనేమీ భుజాలు తడుముకోవడం లేదు. ఏ షాపులో కొన్నావో రసీదు అడిగి పుచ్చుకో. రేపు ఆ బొమ్మ మాది కాదని మీ అన్నయ్య అనకుండా ఉంటుంది.

ఆర్డరు వెళ్ళిపోయింది. దింపడానికి నేనూ వెళ్ళాను. ఒక పిల్లాడు పసుపు రింగు తల మీద పెట్టుకుని టోపీ అని చూపించాడు. చాలా బాగుంది మరదలా, నాకు ఆ పూటకి అనుమానాలన్నీ పోయాయి.

వదిన


ఆగస్టు 2

మరదలా,

రిపోర్టు వచ్చింది. నువ్వు నేర్పినట్టు మూడో పేజీ నుంచి చదివాను.

"శాంపిల్: చెక్క రింగులు ఐదు. వాడినవి. పసుపు రింగు అంచున చిన్న గాట్లు."

వాడినవి. గాట్లు. షాపులో కొన్న బొమ్మకి గాట్లెక్కడివి? ఆ గాట్లు ఎవరి పళ్ళవో కనుక్కోవడానికి నాకు మిషన్ అక్కర్లేదు. మొదటి పేజీ ఆ తర్వాత చదివాను. సీసం, పరిమితికి మించి. అది చదివి కాదు నేను కూలబడింది, మూడో పేజీ చదివి.

ఎప్పుడు తీసేశావు దాని నోట్లోంచి? నిజం చెప్పు. నేను పంపిన జెరాక్సు చూసిన రోజేనా? రింగుల సంగతి రాయకుండా తలుపు గడియ గురించి రాశావే, అప్పటికే నీ పిల్ల చేతిలోంచి లాగేసి అల్మరాలో పెట్టేశావు కదూ? నీ పిల్లని కాపాడుకున్నావు, తల్లివి, నిన్ను తప్పు పట్టను. కానీ ఆ ముక్క నాకు రాసి ఉంటే? ఆర్డరు ఆపగలరా అని మర్యాదగా అడిగావు. ముందు చిట్టెలుక దగ్గర్నుంచి తీసేశాను వదినా అని ఒక్కమాట రాసి ఉంటే, నేను ఆ బండికి అడ్డంగా పడుకునేదాన్ని. వేరేవాళ్ళ పిల్లలకైతే అనుమానం చాలు, నీ పిల్లకైతే జాగ్రత్త కావాలి, అంతేనా?

ఫలితం నీకు తెలియనట్టు నటించకు. అదే ఆఫీసు, అదే కాఫీ మిషన్, ఎవరో ఒకరు చెప్పకుండా ఉంటారా. నా పేరు మీద ఎందుకు రాయించావో కూడా ఇప్పుడు అర్థమైంది. చెప్పే భారం నా మీద వేసి చేతులు దులుపుకున్నావు.

పిల్ల ఎలా ఉంది, అది మాత్రం వెంటనే రాయి. ఇక్కడ ఈ కాగితం సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదు. ఏం చేయాలో నాకు తెలుసు. నీకు చెప్పను.

వదిన


ఆగస్టు 7

వదినా,

మీరు రాసింది నిజం. జెరాక్సు చదివిన పూటే తీసేశాను. పిల్ల ఏడ్చింది, గరిటె ఇచ్చి ఊరుకోబెట్టాను. మీకు ఎందుకు రాయలేదంటే, అనుమానం ఫలితం కాదు, ఫలితం లేకుండా నోరు విప్పకూడదని ఇక్కడ ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ నూరిపోశారు. ఆ మాట వెనక దాక్కున్నాను. అన్నయ్య మనసు కష్టపెట్టడం ఇష్టం లేకపోయింది. మీరన్నట్టు కొత్త బొమ్మే కొని పరీక్షకి ఇద్దామనుకున్నాను, ఇక్కడ ఏ షాపులోనూ మీ సరుకు లేదు. అప్పుడైనా చెప్పాల్సింది. సిగ్గుపడ్డాను.

ఫలితం మాత్రం నాకు తెలీదు. మీరు నమ్మినా నమ్మకపోయినా, మీ ఉత్తరంలోనే మొదటిసారి చూశాను. చదివి, పిల్లని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. రక్తం తీశారు. కాగితం వచ్చింది. "పరిమితి కంటే తక్కువ." ఇన్నేళ్ళు ఆ మాటే టైపు చేసి జనానికి పంపాను, చదివినవాళ్ళకి గుండె కుదుటపడుతుందనుకుంటూ. ఎంత తక్కువ అని డాక్టర్ని నేనే మళ్ళీ మళ్ళీ అడిగాను. పర్వాలేదన్నారు. కొన్నాళ్ళాగి మళ్ళీ చూద్దామన్నారు. పిల్ల హుషారుగానే ఉంది. నేను బాగా లేను.

ఇప్పుడు ఒక మాట రాస్తాను, కోపం తెచ్చుకోండి. ఏం చేయాలో తెలుసు, నీకు చెప్పను అన్నారు. ఆ వాక్యం నాకు నచ్చలేదు. ఫెయిలైన కాగితాలు అందుకున్నవాళ్ళందరూ అదే అంటారు. మీ ఉత్తరం ల్యాబ్ కాగితం కాదు. అందులో చదివింది బయట చెప్పకూడదని ఏ నిబంధనా లేదు. మీరు వారంలోగా ఆ మేనేజరమ్మకి చెప్పకపోతే నేనే ఫోన్ చేస్తాను. ఉద్యోగం ఉన్నా, పోయినా. ఆ తర్వాత మీరూ, అన్నయ్యా నా గడప తొక్కకపోయినా.

మీ మరదలు


ఆగస్టు 19

మరదలా,

నీ బెదిరింపు అందేసరికి నేను ఆ కేంద్రంలో నేల మీద కూర్చుని పిల్లల చేతుల్లోంచి రింగులు ఊడదీస్తున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి నీ ఉత్తరం విప్పాను. కోపం తెచ్చుకోమన్నావు, తెచ్చుకున్నాను. కాసేపటికి పోయింది. 'నేనే ఫోన్ చేస్తాను' అని రాసిన ఆడపిల్ల మా ఇంటి పిల్లే కదా అనిపించింది.

నీకు చెప్పను అన్నది ఎందుకంటే, ముందు మీ అన్నయ్యకి చెప్పాలి కాబట్టి. కాగితం ఆయన ముందు పెట్టి మూడో పేజీ చూపించాను. గాట్లు అన్న మాట చదివి ఫ్రేము మేకు మీంచి దించి, ఆ పాస్ కాగితం తీసి నా చేతికిచ్చారు. ఆ గుసగుసల సంగతి కూడా తేలింది. నీ మొదటి ఉత్తరం చదివాక ఆయనకీ అనుమానం పట్టుకుంది. డబ్బాలు మారాయేమోనని షాపువాణ్ణి రహస్యంగా ఆరా తీస్తున్నారట, నేను కంగారు పడతానని. ఒకే ఇంట్లో ఇద్దరం ఒకే మనిషిని అనుమానిస్తూ, ఒకరికి తెలియకుండా ఒకరం.

ఆ షాపువాడి తప్పు లేదు. ఆ మధ్యాహ్నమే బాబాయిని పిలిచి, ఈ రింగులకి ఏం వేశావో మొదటి నుంచీ చెప్పమన్నాను. చెప్పాడు, దాచలేదు పాపం. డబ్బా తెరిచి, కలిపి, ముసురు రోజైతే రెండు చెంచాలు డ్రయ్యర్ వేస్తాడట, రంగు త్వరగా ఆరడానికి. అల్మరా మీద ఆ తుప్పు పట్టిన డబ్బా. చిట్టెలుకకి పంపిన రింగులు చేసిందీ ముసురులోనే. మరి పలకలకి కలిపావా అన్నాను.

"పలకలకి కలపలేదమ్మా," అన్నాడు. "వాటికి తొందరేముంది? ఎండొచ్చిందాకా ఆరబెట్టాను. బొమ్మలకే కదా నువ్వు తొందర పెట్టింది."

ఆ డబ్బా తీసుకుని షాపువాడి దగ్గరికి వెళ్ళాను. వాడు మూత వాసన చూసి, ఇది సీసం డ్రయ్యర్ అమ్మా, మేం అమ్మడం మానేసి చాలా కాలమైంది, ఇంకా ఎక్కడ దాచారు అన్నాడు. దాచలేదు. నా టీ గ్లాసు పక్కనే ఉంది. అందరి వెనకా తిరిగాను గానీ నా గ్లాసు పక్కకి చూడలేదు. బాబాయి ఇంటికెళ్ళి రెండు రోజులు రాలేదు. మీ అన్నయ్య వెళ్ళి తీసుకొచ్చారు.

కేంద్రంలో ఏం జరిగిందో విను. మేనేజరమ్మ బొమ్మలు ఇవ్వనంది. తన ఫైల్లోంచి మన పాస్ రిపోర్టు తీసి నా ముందే పెట్టింది.

"మీ కాగితమే చెప్తోంది కదండీ, ఏమీ లేదని. ఇప్పుడొచ్చి విషం అంటారేమిటి? ఎక్కడో ఎక్కువకి బేరం కుదిరిందా?"

నన్ను అనుమానిస్తోంది మరదలా. నా బతుకులో అందరినీ నేను చూసే చూపు అది. ఎదురుగా నిలబడితే ఎంత మంటగా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. నేను వాదించలేదు. రెండో రిపోర్టు తీసి మూడో పేజీ తిప్పి, గాట్లు ఉన్న లైను మీద వేలు పెట్టాను. ఇవి నా మేనకోడలి పళ్ళు అన్నాను. ఆవిడ ఆ లైను చదివింది. తర్వాత గదిలోకి చూసింది. ఆ టోపీ పిల్లాడు అప్పటికి రింగు తల మీంచి దించి నోట్లో పెట్టుకున్నాడు. ఆవిడే లేచి ముందు వాడి దగ్గరికి వెళ్ళింది. ఆయాలు కూడా వచ్చారు. ఒక్క రింగు మిగలకుండా బస్తాల్లో వేసుకొచ్చాం. తల్లులందరికీ ఆవిడే ఫోన్లు చేస్తోంది. పిల్లలందరికీ రక్తపరీక్ష చేయిస్తున్నారు. ఏం తేలుతుందో తెలీదు. కొందరు తల్లులు వర్క్‌షాపుకి వచ్చి నోటికొచ్చినట్టు తిట్టారు. తలుపు వేసుకోలేదు, నిలబడి మాటలు పడ్డాను. మళ్ళీ ఎవరైనా మన బొమ్మ కొంటారో లేదో నాకు తెలీదు.

నిన్న మీ ల్యాబ్ నుంచి పార్సిల్ వచ్చింది. పరీక్ష అయ్యాక మిగిలింది పేరు మీదున్నవాళ్ళకే తిప్పి పంపుతారట, నువ్వు ఆ సంగతి చెప్పలేదు. ఐదు రింగులూ ఉన్నాయి. రంగంతా గీకేసి ఉత్త చెక్క మిగిల్చారు. ఏది ఎరుపో, ఏది పచ్చో తెలీదు. ఒక్క పసుపుదాన్ని మాత్రం గుర్తుపట్టాను, చేత్తో తడిమితే గాట్లు తగిలాయి. అల్మరా మీద ఆ డబ్బా ఉన్న చోట పెట్టాను. మీ అన్నయ్య రోజూ మిషన్ వేసే ముందు దాన్ని ఒకసారి తడిమి వెళ్తున్నారు.

ఇకనుంచి నీకు అనుమానం వస్తే ఫలితం కోసం ఆగకు. ఆ రోజే నాకు రాయి.

పిల్లకి రెండో పరీక్ష ఎప్పుడో చెప్పు, మేమిద్దరం వస్తాం.

వదిన